కంప్యూటర్ ల్యాబ్ గారికి, 17వ నంబరు సిస్టమ్ ముందు నుంచి

మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ల్యాబ్ గారికి,

నమస్కారాలు. బ్యాగు బయటే పెట్టి రాస్తున్నాను, కోప్పడకండి.

మీ తలుపు మీద 'ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు' అని ఉంది. మా క్లాసులూ సరిగ్గా అప్పుడే. మాకు ఖాళీ దొరికేసరికి మీకు తాళం పడుతుంది. ఇంత పకడ్బందీగా టైంటేబుల్ వేసిందెవరో గానీ, చేతులెత్తి మొక్కాలి.

నిన్న ప్రాక్టికల్స్‌లో నాకు 17వ నంబరు సిస్టమ్ దక్కింది. అంటే నాకూ, ఇంకో ఇద్దరికీ. ఒకరికి కీబోర్డు, ఒకరికి మౌస్, నాకు చూసే పని. ఆన్ చేశాం, అటెండెన్స్ అయింది, నీళ్లు తాగి వచ్చాం, అప్పటికి డెస్క్‌టాప్ దర్శనమిచ్చింది. మూలన తేదీ చూస్తే 1 జనవరి 2009. అప్పటికి నాకింకా అక్షరాలే రావు.

లోపల మదర్‌బోర్డు మీద మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు తీసేసినా టైమ్ గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది కాబట్టి ఆన్ చేసిన ప్రతిసారీ మీకు 2009 తెల్లవారుతోంది. పోనీ సర్దుకుపోదామంటే, బ్రౌజర్ ఏ సైటునూ నమ్మడం లేదు. వాటి సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఆ తేదీకి ఇంకా పుట్టనేలేదు కదా! మెయిల్ తెరవబోతే 'మీ గడియారం వెనకబడి ఉంది' అని మందలించింది. తేదీ మార్చాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసినాయన రిటైరయ్యారు.

ఉన్నది విండోస్ 7. దానికి సపోర్టు 2020 జనవరిలోనే ఆగిపోయింది. మీ గడియారం ప్రకారమైతే అసలు విడుదలే కాలేదు, అక్టోబరు దాకా ఆగాలి.

సరే, నెట్ లేకపోతే పోయిందని టర్బో సి తెరిచాం, సి భాషలో ప్రోగ్రాములు రాసుకునే పాత సాఫ్ట్‌వేర్ అది. 1987 నాటి వంశం, పెద్దల మాట కాదనలేం. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాశాం, అంటే 1 నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నీ గుణించి చెప్పేది. 7కి 5040 అని బాగానే చెప్పింది. 8 ఇచ్చేసరికి మైనస్ 25216 అంది! పూర్ణసంఖ్యను దాచుకునే ఆ కాలపు 'ఇంట్'కి 16 బిట్ల చోటే, 32767 దాటితే మైనస్‌లోకి దొర్లిపోతుంది. రికార్డులో మాత్రం 40320 అనే రాశాను. మార్కులు రికార్డుకే కదా.

అన్నట్టు, పోయిన నెల తనిఖీ రోజున ఎంత ముస్తాబయ్యారండీ! ఏసీ పనిచేసింది. మానిటర్లకు కొత్త కవర్లు. కదలని ఆరు సిస్టమ్‌లకూ 'మెయింటెనెన్స్‌లో ఉంది' అని ప్రింటు తీసి అంటించారు. మీకు ప్రింటర్ ఉందని మాకు ఆ రోజే తెలిసింది.

ఈ ఉత్తరంతో పాటు బిళ్ల బ్యాటరీ ఒకటి జత చేస్తున్నాను. ముగ్గురం చందా వేసుకుని కొన్నాం. నిన్ననే వేద్దామనుకుంటే, కేబినెట్ విప్పడానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఫారం ఆన్‌లైన్‌లో ఉందట. ల్యాబ్ సిస్టమ్‌లోంచి మాత్రమే తెరుచుకుంటుందట.

ఇట్లు,
17వ నంబరు, మూడో కుర్చీ