సవరణ: పొలం కంచెకు కరెంటు

అడవిపందుల కంచె గురించి మొన్న పెట్టిన పోస్టులో రెండు మాటలు మార్చి చదవాలి. సొంత మీటరు నుంచి తీగకు కరెంటిస్తే నేరం కాదనీ, మధ్యలో 60 వాట్ల బల్బు వేస్తే ప్రాణాపాయం ఉండదనీ అందులో ఉంది. రెండూ తప్పే.

బల్బు సంగతి ముందు. 230 వోల్టుల మీద 60 వాట్ల బల్బు దాదాపు 260 మిల్లీయాంపుల్ని వదులుతుంది. గుండె ఆగడానికి అందులో ఐదో వంతు చాలు. మోటారు ఫ్యూజు ఎగిరేది పదుల యాంపులకు, కాబట్టి మనిషి తీగకు అతుక్కున్నా అది కదలదు.

మోటారు కోసమిచ్చిన కనెక్షన్‌ను కంచెకు వాడితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద చౌర్యం కేసు పెట్టొచ్చు: మూడేళ్ల దాకా జైలు. మనిషి పోతే, 2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు పాత ఐపీసీ 304-ఎ కాదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 106(1), అంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం: ఐదేళ్ల దాకా జైలు. చావొచ్చని తెలిసే తీగ పరిచారని పోలీసులు అదే చట్టంలోని 105వ సెక్షన్ పెడితే పదేళ్ల దాకా వెళ్తుంది. కౌలుదారు కట్టినా, తెలిసి ఊరుకున్న పట్టాదారుకూ చిక్కే.

సోలార్ ఝట్కా మిషన్ (కంచె తీగకు ఆగి ఆగి చిన్న షాకులిచ్చే పెట్టె) వేరు. సెకనుకు ఒక్క దెబ్బ, అదీ సెకనులో వందో వంతు మించదు. దాని ఎర్తు రాడ్డు మోటారు ఎర్తుకు పది మీటర్ల దూరంలో ఉండాలి. గడ్డి తీగకు తగిలితే దెబ్బ తగ్గిపోతుంది. చాలామంది మిషన్ పనిచేయట్లేదని స్టార్టరు నుంచి నేరుగా వైరు లాగేది అప్పుడే. గడ్డి కోయండి, వైరు లాగకండి.