ముక్కను ఏ సీసాలో వేస్తున్నారో అడగండి

మెడ మీద బిళ్ల కడితే రెండు వారాలు యాంటీబయాటిక్ వాడి చూడమని, మెడ బిళ్లల టీబీ మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. బాగానే ఉంది, కానీ పల్లెల్లో ఆ రెండు వారాలు రెండు నెలలవుతాయి. మాది రాజాం దగ్గర ఊరు. మా చెల్లెలి కూతురికి చెవి కింద ఉసిరికాయంత బిళ్ల. నొప్పి లేదు, జ్వరం లేదు. దగ్గు లేదు కాబట్టి టీబీ అని ఎవరికీ తట్టలేదు. ఎక్స్‌రే కూడా శుభ్రంగానే వచ్చింది. మా అమ్మయితే పసుపు పట్టు వేయమని ఒకటే గోల.

మూడు కోర్సుల మాత్రలయ్యాక ఒక ఆసుపత్రిలో బిళ్ల తీసి, మొత్తం ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే రసాయనం) సీసాలో వేసి పంపారు. రిపోర్టులో గ్రాన్యులోమా (టీబీలోనూ, వేరే కొన్ని జబ్బుల్లోనూ కనిపించే కణాల ముద్ద) అని వచ్చింది. అది టీబీయేనా, అయితే ఏ మందుకు లొంగుతుంది? కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేద్దామంటే ఫార్మలిన్‌లో క్రిమి బతకదు. లింఫోమా (ఈ బిళ్లలకు వచ్చే క్యాన్సర్) లాంటిది కాదని తేల్చడానికి ఫార్మలిన్ ముక్క కావాల్సిందే, కాదనను. మిగతా సగం సెలైన్‌లో వేస్తే ఏం పోయేది? చివరికి పక్క బిళ్లలోంచి సూదితో తీసి సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) చేస్తే టీబీ అని తేలింది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందనీ తెలిసింది. సర్కారీ మందులు ఆరు నెలలు, ఉచితం.

రెండో నెలలో బిళ్ల మళ్లీ ఉబ్బింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. మందు పనిచేస్తున్నా కొందరికి అలా అవుతుందని, ఆపొద్దని డాక్టరమ్మ చెప్పారు. ఆ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి.