ఖాత్ ఆకు గురించి ఒక మాట

శరణార్థులు వ్యసనాన్ని మూటాముల్లెతో పాటే మోసుకొస్తారని మీ వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. బ్రిటన్‌లోని సోమాలీల సంగతి చూడండి. ఖాత్ ఆకు వారికి పాత అలవాటే. మధ్యాహ్నం వేళ నలుగురు మగవాళ్లు చేరి, బుగ్గన పెట్టుకుని నములుతూ కబుర్లు చెప్పుకునేవారు. మన తాంబూలం లాగే అనబోయాను గానీ, తాంబూలానికి అంత మత్తు లేదు. కోసిన కొద్ది రోజులకే ఆకులో హుషారునిచ్చే కాథినోన్ అనే పదార్థం తగ్గి పస పోతుంది. అందుకే కెన్యా, ఇథియోపియాల నుంచి విమానాల్లో తాజాగా లండన్ చేరేది.

అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చి, భాష రాక, పని దొరకక కూర్చున్నవాడికి ఆ మధ్యాహ్నం అర్ధరాత్రి దాకా సాగేది. ఇల్లు, పిల్లలు ఆడవాళ్ల నెత్తిన పడ్డాయి. నిషేధించమని గట్టిగా అడిగినవారిలో వాళ్లూ ఉన్నారు. 2013 జనవరిలో ప్రభుత్వ సలహా మండలి నిషేధం అక్కర్లేదంది. అయినా 2014 జూన్ 24 నుంచి అమలు చేశారు. ఆ ఆడవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆకు ఆగిపోయినంత మాత్రాన అతనికి పని దొరుకుతుందా? వైద్యుడి ముందు తన గోడు సోమాలీలో చెప్పుకోవడానికి దుబాసీ వస్తాడా? మీ వ్యాసంలో ఈ ఊసే లేదు.