కాచిన నీళ్లతో హెపటైటిస్ బి ఆగదు

ఇచ్ఛాపురం నుంచి పలాస వరకు, గల్ఫ్‌కు మనుషులు వెళ్లే ఊళ్లన్నిటిలో ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. నీళ్లు కాచుకుని, సొంతంగా వండుకుని తినేవారికి కాలేయానికి సోకే హెపటైటిస్ బి రాదనీ, టీకా వేసుకుంటే వీసా కోసం చేసే వైద్యపరీక్షలో (మెడికల్‌లో) పాజిటివ్ వచ్చి వీసా పోతుందనీ, కామెర్లు వచ్చినా పసరు మందుతో దిగిపోతాయనీ దాని సారాంశం. ప్రయాణానికి సిద్ధమవుతున్న కుర్రవాళ్లు దీన్ని నమ్ముతున్నారు గనుక ఒక్కొక్క మాటకూ సమాధానం చెప్పవలసి ఉంది.

మొదటి మాట రెండు రకాల జబ్బులను కలిపేసింది. కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వచ్చేవి హెపటైటిస్ ఎ, ఇ. బి మాత్రం రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఒకే కంచంలో తిన్నా రాదు. గల్ఫ్‌లో ఎనిమిది మంది ఉండే గదిలో, అద్దం కింద సబ్బుపెట్టెలో పడి ఉన్న రేజరును చూడండి. ఒకరి గడ్డం కింద తెగిన చిన్న గాటు నుంచి కంటికి ఆననంత రక్తం బ్లేడు అంచున మిగిలినా, ఈ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు కాబట్టి, ఆ వారంలో దానితో గీసుకున్న ప్రతివారికీ ముప్పే. పచ్చబొట్టు సూదీ, బ్లేడు మార్చని మంగలి కత్తీ అంతే. చేపల వేటకు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి నెలల తరబడి ఒకే బోటులో ఉండే మన మత్స్యకారులకూ ఇది వర్తిస్తుంది.

వీసా భయంలో కొంత నిజం ఉంది. మెడికల్‌లో వెతికేది వైరస్ పైపొరలోని హెచ్‌బీఎస్ఏజీ అనే ప్రోటీనును. టీకాలో ఉండేది సజీవ వైరస్ కాదు, ఈస్టు కణాలలో తయారుచేసిన ఆ ప్రోటీనే. అందుచేత సూది వేసుకున్నాక 18 రోజుల వరకు అది పరీక్షలో కనబడిన సందర్భాలున్నాయి. ఆ తరువాత మిగిలేది వైరస్‌ను అడ్డుకోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీ, అది రక్షణకు గుర్తు, అది తేలేది వేరే పరీక్షలో. కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకుని తరువాత టీకా మొదలుపెట్టాలి, లేదా రెండింటి మధ్య నెల రోజులు విడిచిపెట్టాలి. టీకానే మానుకోవడానికి ఇది కారణం కాదు.

పసరు మాట నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. సోంపేట దగ్గర మా బంధువొకరి ముంజేతిమీద కామెర్లకు పెట్టిన వాత మచ్చ ఇప్పటికీ ఉంది. పెద్దవయసులో ఈ వైరస్ సోకినవారిలో నూటికి 95 మందికి పైగా ఏ మందూ లేకుండానే కోలుకుంటారు, ఆ పేరు పసరుకు దక్కుతుంది. మిగిలినవారిలో కామెర్లు కూడా కనబడకుండా వైరస్ ఏళ్ల తరబడి ఉండిపోయి, కాలేయం గట్టిపడడానికో క్యాన్సరుకో దారితీయవచ్చు. పుట్టుకతో సోకిన పసికందుల్లోనైతే సుమారు 90 శాతం మందికి అది శాశ్వతమవుతుంది.

చిన్నప్పుడే వేశారులే అనుకోవడమూ పొరపాటే. సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఇది దేశమంతటా చేరింది 2011లో. ఇప్పుడు పాతికేళ్లు దాటినవారిలో చాలామందికి అది అందలేదు. మామూలుగా మూడు మోతాదులు, మొదటి రోజు, నెలకు, 6 నెలలకు. టిక్కెట్టు దగ్గరపడితే వైద్యుల సలహాతో 0, 7, 21 రోజుల్లో మూడూ పూర్తిచేయవచ్చు; ఏడాదికి వేయవలసిన నాలుగోది అక్కడి ఆసుపత్రిలోనైనా వేయించుకోవచ్చు, కార్డు మాత్రం పాస్‌పోర్టుతో పాటు ఉండాలి.