డార్జిలింగ్ జూని వదిలేయమనకండి
డార్జిలింగ్ యాత్ర మీద మీరు రాసిన వ్యాసంలో, టైమ్ తక్కువుంటే అక్కడి జూ మానేసి, సూర్యోదయం చూసే కొండ టైగర్ హిల్ ఒక్కటి చూసుకుంటే చాలని రాశారు, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. మేం తెల్లవారుజామున మూడున్నరకే లేచి జీపులో వణుక్కుంటూ టైగర్ హిల్ ఎక్కితే పొగమంచు తప్ప ఏమీ లేదు, కాంచన్‌జంగా మంచు శిఖరం ఎటువైపుందో కూడా తెలియలేదు. అదే రోజు జూలో ఎర్ర పాండా ఒకటి మా ఎదురుగా కొమ్మ మీద కూర్చుని, వెదురు రెమ్మని ముందు కాళ్లతో పట్టుకుని ఒక్కో ఆకూ తాపీగా నములుతుంటే, అరవై దాటిన మా అమ్మ అక్కణ్ణుంచి కదలనంది. పిల్లల కోసం పెట్టిన మామూలు జూ కాదండీ అది, మంచు చిరుతల్ని, ఎర్ర పాండాల్ని అంతరించిపోకుండా అక్కడ సంతతి పెంచుతున్నారు. పైగా దానికున్న పేరు పద్మజా నాయుడుది, మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, సరోజినీ నాయుడు కూతురు, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేశారు. తెలుగువాళ్ల కోసం రాసిన వ్యాసంలో ఆ ముక్క లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. 1954లో పెట్టిన పర్వతారోహణ సంస్థ, ఎవరెస్ట్‌ని మొదట ఎక్కిన ఇద్దరిలో ఒకరైన టెన్జింగ్ నార్గే విగ్రహం కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి, అంతా ఎత్తుపల్లాల నడకే కాబట్టి పెద్దవాళ్లుంటే సగం పూట చేతిలో పెట్టుకోండి. గురువారం జూకి సెలవు.