మ్యాక్రో ప్రాసెసర్ అంటే మూడు టేబుల్సేనా?

నిన్న రాత్రి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, ఎల్లుండి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఎగ్జామ్. ఎంఎన్‌టీ, ఎండీటీ, ఏఎల్‌ఏ టేబుల్స్‌లో ఏది ముందు నింపాలో గుర్తుండట్లేదు, టెన్షన్‌గా ఉంది" అంది. అసలు మ్యాక్రో ఎందుకు పుట్టిందో చెప్పారా అని అడిగాను. "అది పేపర్లో రాదు బాబాయ్" అంది. పాతికేళ్ల కింద నేనూ ఇలాగే బట్టీ కొట్టి పాసయ్యాను. కోపం వచ్చింది, పిల్ల మీద కాదు.

1950లలో అసెంబ్లీ భాషలో ప్రోగ్రామ్‌లు రాసేవాళ్ల అవస్థ తెలిస్తే ఈ టేబుల్స్ వాటంతటవే అర్థమవుతాయి. ఒక్కో మెషీన్ ఇన్‌స్ట్రక్షన్‌కి ఒక్కో లైను, ఒక్కో పంచ్ కార్డు. ప్రోగ్రామ్‌లో యాభై చోట్ల ఒకే పని పడితే అవే లైన్లు యాభై సార్లు కొట్టాలి. ఆ లైన్లకు ఓ పేరు పెట్టి, పేరు కనిపించిన చోటల్లా అసెంబ్లరే (అసెంబ్లీని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) వాటిని దించేలా చేశారు. ఆ పేరు పెట్టిన లైన్లే మ్యాక్రో, వాటిని దించే భాగమే మ్యాక్రో ప్రాసెసర్. పేర్లు దాచుకోవడానికి ఒక టేబుల్ (ఎంఎన్‌టీ), వాటి వెనకున్న లైన్లకు ఒకటి (ఎండీటీ), పిలిచినప్పుడు ఇచ్చిన విలువలకు ఒకటి (ఏఎల్‌ఏ). అంతే కదా!

1959లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, డగ్లస్ ఈస్ట్‌వుడ్ శాప్ అనే అసెంబ్లర్‌లోకి కండిషనల్ మ్యాక్రోలు, తనను తానే పిలుచుకునే మ్యాక్రోలు తెచ్చారు. కండిషనల్ అంటే, ఈ లైన్లు దించాలా వద్దా అని మ్యాక్రోయే చూసుకుంటుంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటిదాకా కాపీ కొట్టే పనిముట్టుగా ఉన్నది, ఆ రోజు నుంచి ప్రోగ్రామ్ రాసే ప్రోగ్రామ్ అయింది. 1965లో క్రిస్టఫర్ స్ట్రేచీ ఏ భాషకూ కట్టుబడని జీపీఎం అనే మ్యాక్రో ప్రాసెసర్ గురించి పేపర్ రాశాడు. మొత్తం 250 మెషీన్ ఇన్‌స్ట్రక్షన్లలో ఇమిడిపోయింది. 250! 1977 నాటి ఎం4 అనే మ్యాక్రో ప్రాసెసర్‌కి మూలాలు అక్కడే ఉన్నాయి.

"ఈ పాత చరిత్ర మనకెందుకు" అనేవాళ్లకు ఒక మాట. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు! సీఐసీఎస్ (మెయిన్‌ఫ్రేమ్‌లో లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) స్క్రీన్ మీద ఒక్కో ఫీల్డ్ కోసం డీఎఫ్‌హెచ్‌ఎండీఎఫ్ అని రాసి, పొజిషన్, లెంగ్త్ ఇచ్చి, 72వ కాలమ్‌లో కంటిన్యుయేషన్ గుర్తు పెట్టి, తర్వాతి లైను 16వ కాలమ్ నుంచి మొదలుపెట్టేవాళ్లం. ఒక్క కాలమ్ జరిగితే అసెంబ్లీ ఫెయిల్. అది అసెంబ్లర్ మ్యాక్రో అని మాకెవరూ చెప్పలేదు. అదే సోర్స్‌ను టైప్ మ్యాప్ అని నడిపితే స్క్రీన్ రూపం, టైప్ డీసెక్ట్ అని నడిపితే కోబాల్ ప్రోగ్రామ్‌లో కలుపుకునే డేటా వివరాల ఫైల్, అంటే కాపీబుక్. ఒకే రాతకు రెండు ఫలితాలు ఎలా వస్తాయో ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు గానీ నాకు తెలియలేదు. మెక్‌ఇల్‌రాయ్ వాళ్ల కండిషనల్ మ్యాక్రో ఆలోచనే అది. కాలేజీలో ఆ టేబుల్స్ నింపిన చేత్తోనే ఈ స్క్రీన్ మ్యాప్‌లూ రాశాను. రెండూ ఒకటేనని తట్టలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

మ్యాక్రోలు ప్రమాదం, వాడకండి అని సీ భాష నేర్పేవాళ్లు మొదటి క్లాసులోనే భయపెడతారు. భయానికి కారణం లేకపోలేదు. మామూలు మ్యాక్రోకి అర్థంతో పని లేదు, అక్షరాలే తెలుసు. వర్గం కోసం ఎక్స్ ఇంటూ ఎక్స్ అని మ్యాక్రో రాసి 3+1 ఇస్తే, 3+1*3+1 అయి, గుణకారం ముందు జరిగి, 16కు బదులు 7 వస్తుంది. స్టీఫెన్ బోర్న్ తన యూనిక్స్ షెల్‌ను (మనం కొట్టే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) సీ మ్యాక్రోలతో ఆల్గాల్ 68 అనే మరో భాషలా కనిపించేలా రాశాడు. బిగిన్ అంటే తెరిచే కర్లీ బ్రాకెట్, ఎండ్ అంటే మూసేది. సీ బాగా వచ్చినవాళ్లకే ఆ కోడ్ తల తిప్పింది. కానీ కత్తితో వేలు తెగుతుందని వంటింట్లో కత్తి లేకుండా చేస్తామా? 1963లోనే టిమొతీ హార్ట్ లిస్ప్ భాషలోకి తెచ్చిన మ్యాక్రోలు ముడి అక్షరాల మీద కాదు, ప్రోగ్రామ్ నిర్మాణం మీదే పనిచేశాయి. ఆ దారి ఒకటుందని కూడా పిల్లలకు చెప్పాలి కదా.

పరీక్ష అయ్యాక ఇంటికి రమ్మన్నాను. నా దగ్గర ఒక పాత అసెంబ్లర్ లిస్టింగ్ ఉంది. అందులో మనిషి రాసింది ఒక్క లైను, దాని కింద ప్లస్ గుర్తుతో మ్యాక్రో దించిన లైన్లు వరసగా ఉంటాయి. వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తనతోనే చెప్పిస్తాను.