మహారాజశ్రీ తలనొప్పి బిళ్ల గారికి

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే. నిన్న ఒంగోలులో కిడ్నీల సంగతి చెప్పే రక్తపరీక్షలో నా క్రియాటినిన్ 1.9 వచ్చింది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ.

పొద్దున తొమ్మిదికి రక్తమిచ్చి సాయంత్రం నాలుగింటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. లోపల రెండు నిమిషాలు. డాక్టరుగారు ఏ నీళ్లు తాగుతున్నావని అడుగుతారనుకున్నా. "తలనొప్పికి ఏం మింగుతున్నావమ్మా?" అన్నారు.

మాది దర్శి వైపు. మా దగ్గర ఎవరి కిడ్నీ పోయినా తిట్లన్నీ ఫ్లోరైడ్ నీళ్లకే. తమరు దాక్కోడానికి అంతకన్నా మంచి చోటు దొరుకుతుందా? ఆ నీళ్లకు భయపడి పదకొండేళ్లుగా ప్లాంటు క్యాన్లు కొంటున్నాను. బియ్యం కడిగేదీ ఆ నీళ్లతోనే. తమర్ని గుటుక్కున మింగిందీ ఆ నీళ్లతోనే కదండీ!

తమరు ఒంట్లో నొప్పి తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఆపుతారట. కిడ్నీలకు రక్తం తగ్గకుండా చూసేవీ అవేనట. వాంతులయ్యి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ ప్రమాదమట. నాకు మైగ్రేనంటేనే వాంతులు, అదీ రోహిణి కార్తెలో! పైగా నెలకు 15 రోజులో, అంతకు మించో నెలల తరబడి మింగుతూ పోతే తలనొప్పి తెప్పించేది తమరేనట. బాగుందండీ బేరం.

మీ అట్ట మీద ఎర్రగీత డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని చెప్పడానికట. చీరకు అంచులాగా అందానికి వేశారనుకున్నా. మెడికల్ షాపు అబ్బాయి నేను నోరు తెరవకముందే "అదేనా అక్కా" అంటూ కత్తెర తీసేవాడు.

డైక్లోఫెనాక్ అని నీ అసలు పేరు కూడా నిన్ననే తెలిసింది. పశువులకు నిన్ను పొడిస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పోయి చచ్చాయంట కదా! 2006లో పశువులకు వాడొద్దని ఆపేశారు. గొడ్డుకు వద్దన్నదాన్ని నాకు చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చారు. ఏం బతుకే నీది? నాలుగు రూపాయల దానివి, నా కిడ్నీల జోలికొస్తావా?

అబద్ధమెందుకు, మా అమ్మాయి పెళ్లిలో కన్యాదానం వేళకు నన్ను పీటల మీద కూర్చోబెట్టింది నువ్వే. సన్నాయి పక్కనే మోగుతున్నా తల ఎత్తి కూర్చున్నాను. అది మర్చిపోలేను.

నిన్న రాత్రి బస్సు దిగి రిపోర్టు సంచీ పట్టుకుని వస్తుంటే షాపు అబ్బాయి పిలిచాడు. "అక్కా, మొహం వాడిపోయిందే! నాలుగు కత్తిరించమంటావా?"

ఇట్లు,
నీ పాత గిరాకీ